అదేనా?

మా వీధిలో దీపాలు చుక్కల కన్నా ముందే వెలుగుతాయి. వంటింట్లో సింకు ముందు నిలబడితే పడమటి కిటికీలోంచి డబ్లిన్ కొండల వరస కనిపిస్తుంది. పొద్దు ఆ వరస వెనక్కి దిగిపోయాక కూడా ఆకాశం చాలాసేపటిదాకా వెలుగు వదిలిపెట్టదు. ఆ వెలుగు ఉండగానే వీధి దీపాలు వచ్చేస్తాయి. అప్పటికి కుక్కరు రెండో కూత వేస్తుంటుంది, పిల్లల హోంవర్కు గొడవ మొదలై ఉంటుంది, ఆఫీసు నుంచి ఇంకో మీటింగు ఉందంటూ మెసేజీ వచ్చి ఉంటుంది. ఎప్పుడో చెత్తడబ్బా బయట పెట్టడానికి వెళ్ళి తలెత్తితే నాలుగు చుక్కలు కనిపిస్తాయి. మధ్యలో ఏం జరిగిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. కొంతకాలంగా అదే నన్ను తొలుస్తోంది. పగలుకీ రాత్రికీ నడుమ ఆ గంటన్నరలో పడమట ఏముంటుంది? చీకటిదాకా ఆగేవి సరే, వాటిని ఎవరో ఒకరు చూస్తారు. చీకటి పడేదాకా ఆగలేక, వెలుగులోనే ఉండి వెలుగులోనే దిగిపోయేవి కూడా ఉంటాయి కదా, వాటి సంగతేమిటి?

మా ఒంగోలులో ఈ ప్రశ్న పుట్టే వ్యవధే ఉండేది కాదు. అక్కడ సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు. దీపం పెట్టే వేళయిందని అమ్మ లేచేలోపే చీకటి పడేది. కాలిఫోర్నియా డబ్లిన్‌లో, ఈ 37 డిగ్రీల అక్షాంశం దాటిన చోట, ఏటవాలుగా జారుకుంటూ పోతాడు. పూర్తి చీకటి పడటానికి అక్కడ గంటంబావు పడితే ఇక్కడ గంటన్నర. తేడా పావుగంటే. పావుగంట ఎక్కువా తక్కువా అన్నది మనం దేనికోసం వెతుకుతున్నామన్న దాన్నిబట్టి ఉంటుంది. 2025 సెప్టెంబరు సాయంత్రాల్లో నాకు అది చాలా పెద్ద సమయం.

ఆ నెల రెండో వారంలో ఒక కొత్త తోకచుక్క బయటపడింది. కనిపెట్టింది కొండమీది పెద్ద అబ్జర్వేటరీ కాదు, ఉక్రెయిన్‌కి చెందిన వ్లాదిమిర్ బెజుగ్లీ అనే ఔత్సాహికుడు. ఆయన అప్పుడు ఆకాశంకేసి కూడా చూడలేదు. 1995లో అంతరిక్షంలోకి వెళ్ళిన సోహో నౌక సూర్యుణ్ణి కనిపెట్టుకుని ఉంటుంది. దానిమీద స్వాన్ అనే పరికరం ఆకాశంలో హైడ్రోజన్ నుంచి వచ్చే అతినీలలోహిత కాంతిని పటాలుగా గీస్తుంటుంది. తోకచుక్క సూర్యుడి దాపుకి వచ్చినప్పుడు దాని మంచు ఆవిరవుతుంది, ఆ నీటి అణువుల్ని ఎండ విడగొడుతుంది, విడివడ్డ హైడ్రోజన్ దాని చుట్టూ సూర్యుడి కన్నా పెద్ద మబ్బుగా అలముకుంటుంది. మామూలు టెలిస్కోపులు తిరిగి చూడలేని సూర్యుడి పక్క వీధిలో ఏం నడుస్తోందో స్వాన్ పటాల్లో మచ్చగా పడుతుంది. ఆ పటాలు ఎవరైనా చూడొచ్చు. చూసేవాళ్ళే కొద్దిమంది. దేశంలో యుద్ధం నడుస్తుండగా, ఒక మనిషి ఆ పటాల ముందు కూర్చుని, నిన్న లేని మచ్చ ఇవాళ ఉందా అని వెతుకుతూ ఉండటం నాకు వింతగానూ ఉంది, కొంచెం ధైర్యంగానూ ఉంది. సెప్టెంబరు 11న ఆయనకి మచ్చ దొరికింది. దానికి తర్వాత సి/2025 ఆర్2 స్వాన్ అని పేరు పెట్టారు. అప్పటికే అది బాగా లోపలికి వచ్చేసి ఉంది. మర్నాడే సూర్యుడికి అతి దగ్గరగా, మనకీ సూర్యుడికీ ఉన్న దూరంలో సగం దూరంలో, మలుపు తిరిగింది. అంత వెలుగున్నది ఇన్నాళ్ళూ ఎవరి కంటా పడకుండా ఎండ చాటున వచ్చి, తిరుగు ప్రయాణం మొదలయ్యే వేళకి పట్టుబడిందన్నమాట.

మా వెనక వీధిలో కొడుకు దగ్గరికి ఆర్నెల్లకని తెనాలి నుంచి వచ్చిన ఒక మాస్టారు ఉండేవారు. హైస్కూల్లో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. డబ్లిన్‌లో సాయంత్రాలు ఇలాంటి పెద్దవాళ్ళవే. స్వెటరు, మంకీ క్యాపు, కొత్త బూట్లు, వెనక్కి కట్టుకున్న చేతులు, పార్కు చుట్టూ నాలుగు రౌండ్లు, మధ్యలో బెంచీ మీద అల్లుళ్ళ జీతాలూ మోకాళ్ళ నొప్పులూ. ఈయన మాత్రం ఒంటరిగా నడిచేవారు. కొత్త తోకచుక్క వచ్చిందట మాస్టారూ అంటే, ఎక్కడ అని అడగలేదు. "సూర్యుడికి ఎన్ని డిగ్రీల దూరంలో ఉందమ్మా?" అన్నారు. ఈయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాల్సిందే అనిపించింది.

ఊళ్ళోంచి చూస్తే పడమటి కొండలే అడ్డం. కాబట్టి ఆ కొండల పైకే ఎక్కాలి. సెప్టెంబరులో అక్కడ గడ్డి పూర్తిగా ఎండిపోయి, కాలిబాట దుమ్ము లేస్తూ ఉంటుంది. పైకి చేరితే అవతల క్యాస్ట్రో వ్యాలీ ఇళ్ళు, ఆపైన శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం, దానిమీద సముద్రం వైపు నుంచి లోపలికి పాకే పొగమంచు. వెనక్కి తిరిగితే 580 రహదారి మీద ఎర్రదీపాల బారు, బార్ట్ రైలు స్టేషను, దూరంగా శాంటా రీటా జైలు తెల్లటి దీపాలు, ఎడమన డయాబ్లో పర్వతం. మాకు దారి చూపించడానికి ఆకాశంలో ఇద్దరున్నారు. ఆ వారం అంగారకుడు చిత్త నక్షత్రం పక్కనే ఉన్నాడు. కొత్తది వాటికి దగ్గర్లోనే. మనూళ్ళలో చిత్త కార్తె అంటారే, ఆ చిత్త. సూర్యుడు అక్కడికి చేరేది అక్టోబరులో. ఈలోగా తోకచుక్క ఆ దారిన ముందే వచ్చి కూర్చుంది.

పేచీ అంతా వెలుగుతోనే. చుక్కల వెలుగు కొలిచే లెక్కలో ఇది ఏడుకి అటూ ఇటూ. ఆ లెక్కలో అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. చిమ్మచీకట్లో మంచి కంటికి ఆరు దాకా ఆనుతుంది. అంటే బైనాక్యులర్ లేకుండా ప్రశ్నే లేదు. పైగా అది దిగంతానికి చేయి చాచి పట్టిన పిడికిలంత ఎత్తు కూడా లేదు. దిగంతానికి అయిదు డిగ్రీల ఎత్తులో ఉన్న వస్తువు కాంతి, నడినెత్తిన ఉన్నదాని కాంతి కన్నా దాదాపు పదిరెట్లు గాలిని దాటి రావాలి. ఆ గాలిలో దుమ్ము, పొగ, అఖాతం తేమ. చీకటయ్యేదాకా ఆగుదామంటే అది దిగిపోతుంది. దిగకముందే చూద్దామంటే ఆకాశం ఇంకా తెల్లగా ఉంటుంది. రెండింటి మధ్యా దొరికే సందు పదిహేను నిమిషాలు ఉంటే గొప్ప. తోకచుక్కలతో వచ్చిన చిక్కే ఇది. సూర్యుడికి దూరంగా ఉన్నప్పుడు చీకటి ఉంటుంది, వాటికి వెలుగుండదు. దగ్గరికొస్తే వెలుగొస్తుంది, చీకటి పోతుంది. సెప్టెంబరు సాయంత్రాల్లో గ్రహాలు నడిచే దారి పడమటి దిగంతం మీదికి బాగా వాలిపోయి ఉంటుంది, ఉత్తరాదికి పోయేకొద్దీ మరీనూ. అదే సాయంత్రం ఒంగోలులో ఇది ఇంకా ఎత్తున ఉంటుందని తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. "ఎత్తు సంగతి దేవుడెరుగు అక్కా, ఇక్కడ నాలుగు రోజులుగా మబ్బు" అన్నాడు. హాయిగా చూసినవాళ్ళు భూమధ్యరేఖకి అవతలి వాళ్ళు.

సూర్యుడి అంచు పూర్తిగా మునిగేదాకా బైనాక్యులర్ ముట్టుకోనివ్వరు మాస్టారు. కళ్ళు పోతాయన్న భయం ఆయనకి మా అందరి కోసం. ముందు అంగారకుణ్ణి పట్టుకోవాలి, వాడిమీద ఫోకస్ సరిచేసుకోవాలి, తర్వాత దిగంతానికి సమాంతరంగా మెల్లగా జరపాలి. "అదేనా?" "విమానమమ్మా, కదులుతోంది చూడు." శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ ఓక్లండ్‌లోనూ దిగే విమానాలన్నీ మా తోకచుక్క మీదుగానే పోతాయి. "అదేనా?" "మబ్బు తునక." "అదేనా?" ఈసారి ఆయన మాట్లాడలేదు. నేనూ ఊపిరి బిగబట్టుకుని ఉన్నాను. పలక మీద తుడిచీ తుడవని సుద్దముక్క గీతంత మసక. సూటిగా చూస్తే లేదు. కొంచెం పక్కకి చూస్తే ఉంది. రెటీనా నడిమధ్యన పగటి చూపుకి పనికొచ్చే కణాలుంటాయి, మసక వెలుగుని పట్టే కణాలు అంచులకేసి ఎక్కువ. అందుకని మసక వస్తువుల్ని ఓరకంట చూడాలి. ఓరచూపు మీద మన కవులు ఎంత రాశారో, దాని అసలు ప్రయోజనం మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

మాస్టారికి బైనాక్యులర్ ఇచ్చాను. ఎక్కడుందో చెప్పాను. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్ళు. చాలాసేపు చూశారు. ఈలోగా ఆయన మనవడు స్టాండు మీద పెట్టిన కెమెరాతో ఫోటో తీసి, "తాతయ్యా, వచ్చేసింది!" అని అరిచాడు. తెర మీద ఆకుపచ్చటి తల, పక్కకి సన్నటి తోక. దారిన పోయేవాళ్ళు ఆగి, ఆ తెరలోకి తొంగి చూసి, బాగుందనుకుని, చూశామని ఎవరికో కబురు పంపుకుని వెళ్ళిపోయారు. మాస్టారు తెర వైపు తిరగలేదు. "ఆగరా, ముందు నన్ను చూడనీ" అన్నారు. కాసేపటికి బైనాక్యులర్ దించి నెమ్మదిగా అన్నారు. "చూశాననే అనుకుంటున్నానమ్మా. కానీ నువ్వు చెప్పాక చూశాను. చెప్పకముందు అక్కడే వెతికాను, ఏమీ లేదు."

ఈ మాట నన్ను ఇంటిదాకా వెంటాడింది. నేను మాత్రం చెప్పకముందు చూశానా? బెజుగ్లీ చెప్పాడు, ఎవరో కక్ష్య లెక్కగట్టారు, అంగారకుడికి ఎంత దూరంలో వెతకాలో నాకు ముందే తెలుసు. తెలిసిన చోట, తెలిసిన ఆకారం కోసం, కావాలనుకుంటూ చూశాను. కళ్ళు ఎంత ఆశపడితే అంత కల్పించగలవు. చూశాను అనడానికి ఎంత కనిపించాలి? సగం క్షణం చాలా? రెండుసార్లు అదే చోట కనిపించాలా? పక్కవాళ్ళకీ కనిపించాలా? కెమెరాకి పడితే నాకు పడ్డట్టేనా? అయిదు డిగ్రీల ఎత్తులో వెలుగుతో కొట్టుకుంటున్న ఒక మసక కోసం ఇంత మీమాంస అవసరమా అని కూడా అనిపించింది. కానీ ఈ మీమాంస లేకపోతే అక్కడ కొండెక్కడం ఎందుకు, ఫోటో ఇంట్లో కూర్చుని చూడొచ్చు.

తమాషా ఏమిటంటే, మనవాళ్ళు ఈ ప్రశ్నతోనే తరతరాలుగా కాపరం చేస్తున్నారు. పంచాంగం ఉన్న ప్రతి ఇంటికీ మూఢం సంగతి తెలుసు. గురువో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరై సంజవెలుగులో కనిపించకుండా పోతే మౌఢ్యమి, ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు చెయ్యరు. లివర్‌మోర్ శివవిష్ణు ఆలయంలో ముహూర్తం అడిగే మా స్నేహితులందరూ "మూఢాలు ఎప్పుడు పోతాయండీ" అనే మొదలుపెడతారు, సాఫ్ట్‌వేర్ రిలీజ్ తేదీ అడిగినంత మామూలుగా. సూర్యసిద్ధాంతం ఇందుకు హద్దులు కూడా గీసింది. గురుడు సూర్యుడికి 11 డిగ్రీల లోపుకి వస్తే కనపడడు, శని 15, కుజుడు 17. వెలుగున్న గ్రహానికి తక్కువ దూరం, మసకగా ఉన్నదానికి ఎక్కువ. ఈ అంకెలు ఎక్కడినుంచి వచ్చాయి? ఎవరో, ఎక్కడో, గుట్ట మీదో చెరువు గట్టు మీదో నిలబడి, సాయంత్రం వెంట సాయంత్రం, "అదేనా?" అని పక్కవాణ్ణి అడిగి ఉండాలి. ఇవాళ కనపడింది, రేపు కనపడలేదు, హద్దు ఇక్కడ అని గీత గీసి ఉండాలి. మూఢంలో పెళ్ళి చేస్తే ఏదో అవుతుందన్న మాట మీద నాకు నమ్మకం లేదు. ఆ గీత గీసినవాళ్ళ కళ్ళ మీద మాత్రం గౌరవం పెరిగింది. ఇప్పుడు ఆ గీతని కంప్యూటరు వేస్తుంది, పురోహితుడు చదువుతాడు, మనం హాలు బుక్ చేసుకుంటాం. పడమటికి తిరిగి చూసేవాళ్ళు మధ్యలోంచి తప్పుకున్నారు.

కనిపించడం మొదలయ్యేది ఎప్పుడు అన్న తకరారు పెద్ద పెద్దవాళ్ళనే ఏడిపించింది. విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంతంగా అబ్జర్వేటరీ పెట్టుకున్నారు. ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దాన్ని నడిపించారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని అడ్డంగా దాటుతుంటే ఆయన అక్కడినుంచి చూశారు. ఆ రోజు ప్రపంచం నలుమూలలా టెలిస్కోపుల ముందు మనుషులున్నారు. శుక్రుడి నల్లటి చుక్క సూర్యుడి అంచుని సరిగ్గా ఏ క్షణాన ముట్టుకుందో రాసుకుంటే, ఆ క్షణాల తేడాల్లోంచి సూర్యుడి దూరం లెక్కగట్టొచ్చు. తీరా చూస్తే ఆ చుక్క అంచు నుంచి శుభ్రంగా విడిపోదు, నల్లటి జిగురు సాగి మధ్యలో అంటుకుని ఉన్నట్టు కనిపిస్తుంది. పక్కపక్కన నిలబడి చూసిన ఇద్దరు కూడా వేర్వేరు సెకన్లు రాసేవాళ్ళు. అందరూ చూశారు, అందరూ నిజమే చెప్పారు, లెక్క మాత్రం తేలలేదు. విశాఖలో సముద్రపు గాలికి నిలబడి గడియారం చేతబట్టుకున్న ఆ పెద్దమనిషికి ఎలా అనిపించి ఉంటుందో. డాబా గార్డెన్స్ మీదుగా ఆటోలో ఎన్నిసార్లు తిరిగానో, అక్కడ ఇలాంటి మనుషులుండేవారని ఏ పాఠంలోనూ చదువుకోలేదు.

హైదరాబాదు కథ వేరు. నిజామియా అబ్జర్వేటరీలో తండ్రి ఉద్యోగం వల్ల ఆ టెలిస్కోపుల మధ్య పెరిగిన వైనూ బప్పు, 1949లో హార్వర్డుకి చదువుకోవడానికి వెళ్ళిన కొత్తల్లో, జులై 2న తీసిన ఫోటో ప్లేటు మీద ఒక తోకచుక్కని పట్టుకున్నాడు. బార్ట్ బోక్, గోర్డన్ న్యూకర్క్ పేర్లు కలిపి దాన్ని బప్పు-బోక్-న్యూకర్క్ అన్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఆస్ట్రనామికల్ సొసైటీ ఆఫ్ ది పసిఫిక్ ఆయనకి డోనహో తోకచుక్క పతకం ఇచ్చింది. అది మొదట కనిపించింది గాజు పలక మీద. కంటితో ముందు చూశావా అని ఎవరూ అడగలేదు, అడగాల్సిన పనీ లేదు. మరి మాస్టారి మనవడి కెమెరా తెర దగ్గర నాకెందుకు నచ్చలేదు? బప్పు ఆ ప్లేటుని గాలించాడు, మా దగ్గర ఆగినవాళ్ళు తెరని గాలించలేదు, ఇచ్చింది పుచ్చుకున్నారు. తేడా పరికరంలో లేదు, వెతకడంలో ఉందని సర్దిచెప్పుకుంటాను. పూర్తిగా సమాధానపడ్డానా అంటే, లేదు.

మాకు దక్షిణాన హామిల్టన్ పర్వతం మీద లిక్ అబ్జర్వేటరీ ఉంది. 1888లో అది తెరిచినప్పుడు చేరినవాళ్ళలో ఎడ్వర్డ్ బర్నార్డ్ ఒకడు. నాష్‌విల్‌లో కటిక పేదరికంలో పెరిగి, ఫోటో స్టూడియోలో పనిచేస్తూ, కొత్త తోకచుక్క కనిపెడితే 200 డాలర్లని ఒక ధనవంతుడు ప్రకటించిన బహుమతులు గెలిచి, ఆ డబ్బుతో ఇల్లు కట్టుకున్న మనిషి. 1891లో శాన్‌ఫ్రాన్సిస్కో ఎగ్జామినర్ పత్రిక ఆయన మీద ఒక కట్టుకథ అచ్చేసింది. తనంతట తానే ఆకాశాన్ని గాలించి తోకచుక్కల్ని పట్టే యంత్రాన్ని బర్నార్డ్ తయారుచేశాడని. జనం నమ్మారు. కాదు మొర్రో అని ఆయన మొత్తుకున్నాడు. మరుసటి ఏడాదే ఫోటో ప్లేటు ద్వారా తోకచుక్కని కనిపెట్టిన మొదటివాడు కూడా ఆయనే అయ్యాడు. ఇప్పుడు ఆ కట్టుకథ నిజమైంది. హవాయిలో, అరిజోనాలో, చిలీలో రాత్రంతా ఆకాశాన్ని ఊడ్చే టెలిస్కోపులున్నాయి. 2025 జూన్‌లో మొదటి చిత్రాలు చూపించిన రూబిన్ అబ్జర్వేటరీకి 3200 మెగాపిక్సెళ్ళ కెమెరా కట్టింది ఇక్కడే, అఖాతం అవతల మెన్లో పార్కులో. దాని కటకాల రూపకల్పనలో మా పక్కూరు లివర్‌మోర్ ప్రయోగశాల చెయ్యి ఉంది. ఒక కటకం ఒకటిన్నర మీటరు వెడల్పు పైమాటే. ఈ ప్రాంతంలో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్ళలో ఆ కెమెరా దగ్గర పనిచేసినవాళ్ళు ఎవరైనా నా పక్కనే కూరగాయలు కొంటున్నారేమో కూడా.

ఇన్ని యంత్రాలొచ్చాక ఔత్సాహికుడికి మిగిలింది ఏమిటి? సంజె. పెద్ద టెలిస్కోపులు చాలావరకు చీకటి ఆకాశంలో పనిచేస్తాయి, సూర్యుడి పక్కకి పోవు. హిదెయో నిషిమురా 2023 ఆగస్టులో జపాన్ నుంచి మామూలు కెమెరాతో తెల్లవారుజాము ఆకాశాన్ని ఫోటో తీస్తూ తోకచుక్క కనిపెట్టాడు. ఇక్కడివాడే డాన్ మక్‌హోల్జ్ ఉన్నాడు. శాన్‌హోసే అవతల లోమా ప్రియెటా కొండ మీద కూర్చుని, కంటితోనే, గంటల తరబడి వెతికినవాడు. 1978లో మొదటి తోకచుక్క దొరికేలోగా 1700 గంటలు వెతికాడు. మొత్తం 12 కనిపెట్టాడు. ఆఖరిది 2018లో, తెల్లవారుజామున, యంత్రాలన్నిటినీ తప్పించుకున్నది. 2022లో పోయాడు. ఆ 1700 గంటలూ ఎవరూ చెప్పనిదే చూడటం. మాస్టారి ప్రశ్నకి జవాబు ఆయన దగ్గర ఉండి ఉండాలి. నాకు ఆ ఓపిక లేదు, పిల్లల స్కూలు పొద్దున్నే ఉంటుంది.

ఆ వారం మాస్టారు రోజూ వచ్చారు. కొండమీద ఎవరు ఆగినా బైనాక్యులర్ వాళ్ళ చేతిలో పెట్టేవారు. మీకు ఏం కనిపించిందో చెప్పండి, నేను చెప్పను అనేవారు. కుక్కని తిప్పుతూ వచ్చిన ఒకామెకి ఏమీ కనిపించలేదు, బస్కీలు తీస్తున్న కుర్రాడు మాత్రం "అక్కడేదో చెరిగిపోయి ఉంది" అన్నాడు. ఆ మాటకి మాస్టారు మురిసిపోయారు. చెప్పకుండా చూసిన సాక్షి దొరికాడు. ఇలా పిలిచి ఆకాశం చూపించడం ఈ ఊళ్ళవాళ్ళకి కొత్త కాదు. వేదాంత సొసైటీలో, రామకృష్ణ సంప్రదాయంలో సన్యాసిగా ఇరవై ఏళ్ళకి పైగా ఉన్న జాన్ డాబ్సన్, పారేసిన గాజుముక్కలతో టెలిస్కోపులు చేసి, రాత్రిళ్ళు మఠం బయటికి తోసుకెళ్ళి దారినపోయేవాళ్ళకి చంద్రుణ్ణి చూపించేవాడు. దానికే 1967లో మఠం ఆయన్ని బయటికి పంపించేసింది. మరుసటి ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫుట్‌పాత్ ఖగోళ సంఘం ఒకటి పెట్టాడు. ఆయన తేలిగ్గా తయారుచేసుకోవడం నేర్పిన టెలిస్కోపు ఇప్పుడు ప్రపంచమంతటా ఆయన పేరుతోనే నడుస్తోంది. ఈ కథ చెబితే మాస్టారు, "మఠంలో ఉండి రాత్రి బయట తిరిగితే మరి పంపరూ?" అన్నారు. ఆయన ఎప్పుడూ హెడ్మాస్టరు పక్షం.

అంతకు ముందటేడు, 2024 అక్టోబరులో, ఇదే కొండ మీద జాతర. త్సుచిన్షాన్-అట్లాస్ తోకచుక్క మనకి అతి దగ్గరగా వచ్చిన రోజు, విజయదశమి, ఒకటే. ఆ వారం పట్టుచీరల్లోనే కొండెక్కినవాళ్ళున్నారు. కాస్త మసకపడగానే అది కంటికే దొరికింది, పొడుగాటి తోకతో. ఎవరూ ఎవర్నీ "అదేనా?" అని అడగలేదు. అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను, ఫోటో తీసి అమ్మకి పంపాను. తోకచుక్క ఇంటికి మంచిది కాదు అని అమ్మ జవాబు. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు గురజాడ ముత్యాల సరములులో భార్యకి నచ్చజెప్పిన భర్త గుర్తొచ్చాడు. నూటపదేళ్ళు దాటినా మా అమ్మకి ఇంకా నచ్చజెప్పలేదు ఎవరూ. ఆ పెద్ద తోకచుక్క గురించి ఇంతకు మించి నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. స్వాన్ గురించి ఒక నోటుబుక్కు నిండా ఉంది.

నోటుబుక్కు మాస్టారి సలహాయే. తేదీ, వేళ, ఆకాశం ఎలా ఉంది, ఏం కనిపించింది. "కనిపించకపోతే కనిపించలేదని రాయాలమ్మా. ఖాళీ వదలకూడదు. ఖాళీ ఉంటే నువ్వు వెళ్ళలేదని అర్థం." కాబట్టి నా పుస్తకంలో కనిపించలేదు అన్న మాట చాలాచోట్ల ఉంది. ఒకచోట పొగమంచు, ఒకచోట అడవి మంటల పొగ, ఒకచోట కారణం ఏమీ లేదు, ఊరికే కనిపించలేదు. రెండుచోట్ల ప్రశ్నార్థకం ఉంది. అవి తీసేద్దామనుకున్నాను. మాస్టారు తీయనివ్వలేదు.

అక్టోబరులో స్వాన్ సంజెలోంచి బయటపడింది. 20వ తేదీ ప్రాంతంలో భూమికి దగ్గరగా వచ్చింది, దక్షిణాన చీకటి ఆకాశంలో తీరిగ్గా దొరికేది. పడమట లెమ్మన్ అని ఇంకో తోకచుక్క, దానికన్నా వెలుగున్నది. రెండు తోకచుక్కలు ఒక్క సాయంత్రం. అయినా నేను రోజూ కొండెక్కడం మానేశాను. చలి అని చెప్పుకున్నాను. చలేమీ లేదు. మాస్టారు దీపావళికి ముందే తెనాలి వెళ్ళిపోయారు. 28న మొంథా తుపాను ఆంధ్ర తీరం దాటుతుంటే ఆయన దగ్గరనుంచి ఫోన్. గాలి హోరు వినిపిస్తోంది. అంతా క్షేమమేనా అని నేనడిగేలోపే ఆయన అడిగారు.

"మనది ఎలా ఉందమ్మా?"

"నిన్న చూశాను మాస్టారూ. ఇప్పుడు సుళువుగానే దొరుకుతోంది."

"తోక ఉందా?"

"మీ మనవడి ఫోటోలో ఉంది. నా కంటికి ఆనలేదు."

"అయితే ఆనలేదనే రాసుకో. సరే, ఇక్కడ పొద్దుటినుంచీ కరెంటు లేదు, ఫోన్ చచ్చిపోయేట్టుంది, ఉంటా."

రాసుకున్నాను. అక్టోబరు 27, ఆకాశం నిర్మలం, స్వాన్ తల బైనాక్యులర్‌లో స్పష్టం, తోక కంటికి ఆనలేదు. తెనాలిలో తుపాను.